ఎన్ని బారలు

“ఆ వల టోపీ నీ నెత్తిన ఎప్పుడూ ఎట్టుకోవు గదా? నా మీద ఒట్టేసి సెప్పు.”

మా రత్నానికి ఉద్యోగం వచ్చిన రోజు, మిఠాయి పెట్టె మూత తీయకముందే నేనన్న మొదటి మాట అది. రత్నం పకపకా నవ్వింది. వాళ్ళ నాన్న ఎర్రన్న గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతూ, “మీ యమ్మకి మా పెళ్ళి పందిట్లో కూడా ముందు నిప్పే కనపడింది లేవే” అన్నాడు.

నిజమే, నేను ముందు చెడ్డే చూస్తాను. ఏడో తరగతితో చదువు ఆపి చేపల గంప నెత్తికెత్తుకున్నదాన్ని. మనిషిని సంద్రం మీదికి పంపి ఒడ్డున కూర్చునేదానికి ఇంకేం కనపడుతుంది?

రత్నం చేరింది విశాఖపట్నం చివర కొండ మీదున్న ఒక ప్రయోగశాలలో. మనిషి ఓర్చుకోలేని జ్ఞాపకాన్ని తలలోంచి తీసి కంప్యూటర్లో దాచిపెట్టే మిషను అక్కడ తయారుచేశారు. తలకి పెట్టేది సన్నటి తీగలతో అల్లిన టోపీ. రత్నం ఫోనులో చూపిస్తే చిన్న కన్నుల వలలాగే ఉంది, అందుకే దాన్ని వల టోపీ అన్నాను. తీసిన జ్ఞాపకాలన్నీ ఒక పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. సర్వర్ అంటారు. దాని పాస్‌వర్డ్ మా రత్నం ఒక్కదాని దగ్గరే ఉండాలట. జనం గుండెకోతలు ఇంకెవరూ తొంగి చూడకూడదని అక్కడి పెద్ద, డాక్టర్ శ్రీకర్ గారు పెట్టిన నియమం.

“మరి నువ్వు మర్చిపోతే?” అన్నాను.

“సచ్చినా మర్చిపోనిదే పెట్టానమ్మా” అంది.

ఇంటి బీరువాకైనా రెండు తాళం చెవులుంటాయి. ఆ మాట అప్పుడే అనాల్సింది. చదువుకున్నవాళ్ళకి తెలియదా అని నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవాల్సిన రోజున మూసుకోలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అక్టోబరులో మా ఆయన పోయాడు. పొద్దున్నే వల భుజాన వేసుకుని, “గాలి ఉందేటే?” అని కూతుర్ని అడిగాడు. అది ఫోనులో చూసి, “లేదు నాన్నా, ఎల్లు” అంది. మధ్యాహ్నానికి పడవ బోర్లా తేలింది. మూడో రోజుకి మనిషి ఒడ్డుకు వచ్చాడు.

ఆ తర్వాత రత్నం తిండి మానేసింది. పొద్దున లేస్తే ఇసకలోకి పోయి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడేది. నేను చెంగు పట్టుకుని వెనకే నిలబడేదాన్ని. ఒక అడుగు ముందుకి వేస్తే నేనూ ఒక అడుగు వేసేదాన్ని. అలా పదిహేను రోజులు.

పదహారో రోజు ఆదివారం. ల్యాబుకి వెళ్ళి వస్తానని వెళ్ళింది. సాయంత్రం ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ వచ్చింది. పళ్ళెం ముందు కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పులుసులో ఉప్పు చాల్లేదని నా మీద విసుక్కుంది. దేవుడా, పిల్ల మళ్ళీ మనిషైంది అనుకున్నాను. చెయ్యి కడుక్కుని వస్తూ గోడ మీద దండ వేసిన ఫోటో ముందు ఆగింది.

“ఈయనెవరమ్మా?” అంది.

నా చేతిలో గిన్నె జారిపోయింది.

ఎవరూ లేనప్పుడు తనంతట తనే టోపీ పెట్టుకుందట. ఆ ఒక్క పొద్దున మాత్రం తీసేద్దామనుకుంది. కానీ ఆ పొద్దున ఒక్కటే రాలేదు. వలలో ఒక చేపని పట్టుకుని లాగితే వలంతా రాదూ? అలా ఆయన అడుగులూ, ఆయన గొంతూ, ఆయన భుజం మీద ఎక్కి తిరిగిన ఇరవై నాలుగేళ్ళూ మొత్తం వచ్చేశాయి. ఆయనతో పాటు పాస్‌వర్డూ పోయింది. అది ఆయన నేర్పిన మాటలతో పెట్టుకున్నదట. మర్నాడు సర్వర్ ముందు కూర్చుంటే చేతులు కదల్లేదట. తాళం చెవి పెట్టెలో పడేసి పెట్టెకి తాళం వేసినట్టయింది.

డాక్టర్ శ్రీకర్ గారు మా ఇంటికి వచ్చి ఒకటే మాట చెప్పారు. “దేముడమ్మ గారూ, ఆయన గురించి అమ్మాయి ముందు ఒక్క మాట అనకండి. మీరు చెప్పిన కథ ఆ ఖాళీలో పాతుకుపోతే, అసలు జ్ఞాపకం మళ్ళీ అతుక్కోదు. నలభై రోజులు దాటినా అంతే, అతుక్కోదు. ఆలోగా సర్వర్ తెరిపించి తిరిగి పెట్టేస్తాం.”

ఫోటో తీయించారు. ఆయన చొక్కాలు మూట కట్టించారు. రత్నాన్ని ల్యాబులోనే ఒక గదిలో ఉంచుకున్నారు. వారానికి ఒకసారి చూడనిచ్చేవారు. నా మొగుడి పేరు నా ఇంట్లో నేను ఎత్తకూడదు. వీధిలో ఆడవాళ్ళు పలకరిస్తే కూడా గొంతు తగ్గించాలి. భయపడే మనిషిని కదా, చెప్పినట్టు చేశాను. ముప్పై ఏడు రోజులు చేశాను. లోపల మాత్రం కాగుతూనే ఉన్నాను.

ముప్పై ఎనిమిదో రోజు పొద్దున్నే ఆయన మళ్ళీ వచ్చారు. చేతిలో నేను సంతకం పెట్టాల్సిన కాగితం.

“సర్వర్ ఐదు ప్రయత్నాలే ఇస్తుందమ్మా. మూడు అయిపోయాయి. ఇంకో రెండు తప్పితే మొత్తం చెరిపేసుకుంటుంది. రెండు వందల పదకొండు మంది జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. అందుకని మీరు ఒకసారి టోపీ పెట్టుకుంటే…”

“నాకెందుకయ్యా?”

“మీ భర్త జ్ఞాపకాలు మీలో ఉన్నాయి కదా. వాటిని తీసి వెతికితే పాస్‌వర్డ్ దొరకొచ్చు. పక్కన ఉన్న చిన్న మిషన్లో పెట్టుకుని వెతుకుతాం.”

“తీస్తే మరి నాకుంటాయా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “వెతికినన్నాళ్ళూ ఉండవు. తర్వాత తిరిగి పెడతాం.”

“మా అమ్మాయికి పెట్టినట్టా?”

ఆయన కాగితం నా ముందుకి జరిపారు.

“అయ్యా,” అన్నాను, “ఏటి దొరకాలో అది సెప్పకుండా తల కోసుకుపోతానంటావేటి? అసలు ఆ పెట్టె ఏటి అడుగుతోంది?”

“అది మీకు అర్థమయ్యేది కాదమ్మా. ఒక సూచన ఉంటుంది. అమ్మాయి రాసుకున్నది.”

“తెలుగులోనా?”

“తెలుగులోనే.”

“నాకు తెలుగు చదవడం వచ్చు. ముప్పై ఎనిమిది రోజుల్లో ఒక్కసారి నాకు సూపించాలని తోచలేదేటి నీకు?”

ఆయన మెల్లగా, “నోటితో గుర్తు చేసుకుని చెప్పేదాంట్లో తప్పులుంటాయమ్మా. మిషన్ తీసేది కచ్చితంగా ఉంటుంది” అన్నారు. కాగితం చింపి ఆయన చెప్పుల దగ్గర పడేసి, ఆయన కారులోనే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. “బండి పోనీ” అన్నాను డ్రైవర్ని. ఆయన వెనకాల కూర్చున్నారు.

ల్యాబు వరండాలో ఇందుమతి అనే అమ్మాయి కూర్చుని ఉంది. వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. మొగుడు రోడ్డు మీద పోయాడని ఆ జ్ఞాపకం తీయించుకుంది. దాంతో పాటు తను బిడ్డని కన్న సంగతి కూడా పోయింది. ఏడాది పిల్ల అత్తగారి దగ్గర పెరుగుతోంది. నీ బిడ్డే అని అందరూ చెబితే నమ్ముతుంది గానీ, ఎత్తుకుంటే పక్కింటి పిల్లని ఎత్తుకున్నట్టే ఉందట. తిరిగి పెట్టమని రోజూ వస్తోంది. ఆమెకి అదే నలభయ్యో రోజు. ఇలాగే కాచుకున్న ఇద్దరికి అప్పటికే గడువు దాటిపోయింది. వాళ్ళు వరండాకి రావడం కూడా మానేశారు.

సర్వర్ గదిలో చలి. తెర మీద మూడు ఖాళీ గళ్ళు, ఒక్కో గడి పక్కన ఒక్కో ప్రశ్న. మా రత్నం రాసుకున్నవి.

దీపం ఎక్కడ? ట్యాంకు ఎక్కడ? ఎన్ని బారలు?

అవి నాకు తెలిసిన ప్రశ్నలే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“దీపం అంటే లైట్‌హౌస్ అని మాకూ అర్థమైంది,” అన్నారు డాక్టర్. “మ్యాపు మీద దాని స్థానం ఇచ్చాం. పడవ మునిగిన చోటు ఇచ్చాం. ఏదీ…”

“నోరు మూసుకో” అన్నాను. అంత పెద్దమనిషిని అలా అన్నందుకు నాకిప్పటికీ సిగ్గు లేదు.

మా వాళ్ళలో ప్రతి ఇంటికీ సంద్రంలో ఒక తావు ఉంటుంది. కోనాం, పార చేపలు దండిగా పడే రాతి తావు. నీళ్ళ మీద ఏ గీత గీసి గుర్తుపెడతాం? ఒడ్డు మీద ఉన్నవాటిని ఒకదానితో ఒకటి కలిపి చూసుకోవాలి. పడవ సాగుతుంటే లైట్‌హౌసు దీపం వచ్చి రెండు కొండల మధ్య గండిలో కూర్చోవాలి. నీళ్ళ ట్యాంకు వచ్చి చర్చి సిలువ నెత్తిన కూర్చోవాలి. రెండూ ఒక్కసారి కుదిరిన చోట తాడుకి సీసం గుండు కట్టి వదిలితే ఇన్ని బారల లోతు తగలాలి. రెండు చేతులూ చాపినంత పొడవు ఒక బార. తావు ఇంటి గుట్టు. పక్క పడవవాడికి చెప్పరు, వియ్యంకుడికి చెప్పరు.

అన్నం దగ్గర మా ఆయన పాఠం ఒప్పజెప్పించేవాడు. “దీపం ఎక్కడే?” “గండిలో నాన్నా.” “ట్యాంకు ఎక్కడే?” “సిలువ మీద నాన్నా.” మూడోది మాత్రం ఇంట్లో ఎప్పుడూ అడిగేవాడు కాదు. ఎన్ని బారలో సంద్రం మీదే చెప్పాలి, ఒడ్డు మీద నోటెంట రాకూడదని మా వాళ్ళ పట్టింపు. పడవెక్కని నాకు ఆ లెక్క చెప్పలేదు. నేను అడగనూ లేదు. కానీ ఒకసారి పక్క పడవ తాతారావు మందు పోయించి గుచ్చి గుచ్చి అడిగితే, “ముప్పై రెండురా” అనడం వంటింట్లోంచి విన్నాను.

“అందరూ గోడ వైపు తిరగండి” అన్నాను. తిరిగారు. డాక్టర్ కూడా తిరిగారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టాను. గండి. సిలువ. ముప్పై రెండు.

తెర ఎర్రగా అయింది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది అని వచ్చింది.

“అమ్మా, మీరు చెప్పినదాంట్లో తప్పు ఉంటుందని నేను ముందే…” అని డాక్టర్ మొదలుపెట్టారు.

నా కోపం ఆయన మీద కాదు అప్పుడు. ఎర్రన్న మీద. ముప్పై ఏళ్ళు ఆ మనిషికి వండి పెట్టాను. తడిసొచ్చిన తల తుడిచాను. నేను విన్నది తాతారావుకి చెప్పిన మాట కదా! తావు అడిగినవాడికి రెండు బారలు తగ్గించో పెంచో చెప్పే రకం కదా ఆయన! ఆ తప్పుడు లెక్కే వంటింట్లో నా చెవినీ పడింది. కూతురికి అసలు లెక్క, నాకూ తాతారావుకీ ఒకే లెక్క. చచ్చి కూడా నాతో దాగుడుమూతలాడుతున్నాడు.

“తగ్గించాడా, పెంచాడా?” అని పైకే అన్నాను. ఒక్కటే ప్రయత్నం. ముప్పయ్యా, ముప్పై నాలుగా? అటు తప్పితే నా కూతురికి తండ్రి లేడు, వరండాలో పిల్లకి బిడ్డ లేదు.

అప్పుడు తాడు గుర్తొచ్చింది.

డాక్టర్ కారు మళ్ళీ మా జాలరిపేటకి పరిగెత్తించాను. ఎర్రన్న లోతు చూసే పాత తాడు అటక మీద మూటలో ఉంది. ఉప్పుకి గట్టిపడి చెక్కలాగుంది. బారకో ముడి. ఒక ముడి దగ్గర గుడ్డపీలిక కట్టి ఉంది. తావు లోతు తగిలే చోట గుర్తుకి కట్టుకున్నది. వెలిసిపోయింది గానీ, పసుపు మీద ఆకుపచ్చ గళ్ళు తెలుస్తున్నాయి. రత్నం కడుపులో ఉన్నప్పుడు నేను కట్టుకున్న చీర. అది చిరిగిపోయిందని పారేశానే!

సీసం గుండు దగ్గర మొదలుపెట్టి పీలిక దాకా ముడులు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. చేతుల మీద నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగే. లెక్క చెప్పలేదు గానీ, లెక్క నా చీరతో కట్టుకున్నాడు ముదనష్టపోడు. అటక కింద చతికిలబడి, ముప్పై ఎనిమిది రోజులుగా ఎత్తనివ్వని పేరు నోరారా పిలిచి తిట్టాను. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

నాలుగు గంటలకి మళ్ళీ ఆ చలి గదిలో ఉన్నాను. గుండుకి కట్టిన ముడి లెక్కలోకి వస్తుందా రాదా అని మళ్ళీ ఒక భయం పట్టుకుంది. వస్తే ముప్పై నాలుగు, రాకపోతే ముప్పై మూడు. ఆయన దాస్తే రెండు బారలు దాస్తాడు గానీ ఒక్క బార దాచడు అనుకుని, కళ్ళు మూసుకుని చివరి మీట నొక్కాను.

ఎవరో, “తెరుచుకుంది!” అని అరిచారు.

ఆ రోజుతో గడువు తీరిపోతుంది కాబట్టి ముందు ఇందుమతికి పెట్టారు. టోపీ తీయగానే ఆ పిల్ల పెట్టిన కేక నేను జన్మలో మర్చిపోను. అప్పుడే మొగుడు పోయినట్టు నేల మీద పడి దొర్లింది. పావుగంటకి లేచి కూర్చుని, “నా పాప ఏది? నా పాపనివ్వండి” అంది.

మా రత్నం గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

“ఆ ఫోటోలో ఆయన పోయినప్పుడు నేనూ అలాగే ఏడ్చానా అమ్మా?” అంది.

“నువ్వు ఏడవనేదు. సంద్రంలో నిలబడ్డావు.”

“అయితే వద్దంటావా? నీ ఇష్టం. ఇప్పుడు నాకు ఏ బాధా లేదు.”

వద్దు అనే మాట నా నాలుక చివర ఉంది. బతికి ఉంటుంది కదా, అన్నం తింటుంది కదా, ఉప్పు చాల్లేదంటుంది కదా. ఇంకో రెండు రోజులు గడిస్తే ఇంక ఎవరూ అడగరు. నేను దాచిన మాట కూడా సర్వర్లోనే ఉండిపోతుంది.

“నీకు నేదే బాధ!” అని అరిచాను. డాక్టర్ ఉలిక్కిపడ్డారు. “నీకు నేకపోతే నాకేదో సుఖమనుకున్నావా? ఆయన్ని నా ఒక్కదాని నెత్తినే పడేసి పోనావు. ఏడవడానికి తోడు కూడా నేకుండా సేసేవు. ఫోటో తీసేశారు, పేరు ఎత్తొద్దన్నారు. నీ ఒక్కదాని నాన్నేటే ఆయన?”

రత్నం గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

“కూకో. టోపీ ఎట్టుకునే ముందు ఒక మాట విను. తర్వాత నీకే గుర్తొస్తాది, నా నోటెంట ముందు విను. ఆయన్ని ఒడ్డుకి తెచ్చిన రోజు, అందరి ముందు నీ జుట్టు పట్టుకుని ‘నువ్వే పంపావే’ అన్నది నేనే. అందుకే తీసేసుకున్నావు. ఫోను వల్ల కాదు, నా నోటి వల్ల. ఆయన వల భుజానేసుకున్నాకే నిన్నడిగాడు. గాలుందని సెప్పినా ఎల్లేవోడు. నేను మూడుసార్లు వద్దన్నాను, ఎప్పుడు విన్నాడు? నీతో ఒక మాట ఆడి ఎల్దామని అడిగేడంతే. నాకది ఆ రోజే తెలుసు. తెలిసీ అన్నాను.”

గదిలో అందరూ నేల చూపులు చూస్తున్నారు. రత్నం నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని తనే టోపీ తలకి పెట్టుకుంది.

పది నిమిషాలు. చిన్న లైటు ఆకుపచ్చగా మారింది. డాక్టర్ టోపీ తీశారు.

కేక లేదు. కన్నీళ్ళు లేవు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప వాలడం లేదు. “రత్నా” అని డాక్టర్ పిలిచారు. పలకలేదు. కంట్లో లైటు వేసి చూశారు. “అతుక్కుందో లేదో తెలియడం లేదు” అని పక్కవాడితో గొణిగారు. అవతల గదిలో ఇందుమతి వాళ్ళ పాప ఏడుపు మొదలైంది, ఆగింది. నేను రత్నం ముందు నేల మీద కూర్చున్నాను. తాడు నుంచి విప్పి తెచ్చిన పీలిక నా కొంగు ముడిలో ఉంది, తీసి దాని ఒళ్ళో పెట్టాను.

“తిట్టవే,” అన్నాను. “కొట్టు. ఏదో ఒకటి అను.”

లేదు.

కిటికీలో ఎండ గోడ మీదనుంచి నేల మీదికి దిగింది. నాకు తెలిసిన చెడ్డలన్నీ ఒక్కొక్కటే ముందుకొచ్చి నిలబడ్డాయి. తల పాడైంది. నన్నిక చూడదు. ఇక్కణ్ణుంచి సరాసరి ఇసకలోకి పోతుంది. ఇంకేం అడగాలో తెలియక, ఆయన అడిగినట్టే అడిగాను.

“దీపం ఎక్కడే?”

లేదు.

“ట్యాంకు ఎక్కడే?”

దాని వేళ్ళు పీలిక మీద కదిలాయి. ఆకుపచ్చ గళ్ళని ఒక్కొక్కటే తడిమాయి.

“ఎన్ని బారలే?” అన్నాను.

డాక్టర్ వెళ్ళి కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు రత్నం కళ్ళు నా మీదికి తిరిగాయి. నా కొంగు అంచు పట్టుకుని, చిన్నప్పటి గొంతుతో అంది.

“ఒడ్డు మీద సెప్పకూడదు గదమ్మా.”